అద్దరి గట్టు

సూర్యావతి పుట్టింది ఏటికి అద్దరిన, మొగలిగుంటలో. కాపరానికొచ్చింది ఏటికి ఇద్దరికి, ఇవతలొడ్డు పాతరేవుకి. రెండూళ్ళకీ మధ్య గోదావరి వైనతేయ పాయ, పాయ నడుమ ఒక లంక. మొగలిగుంటలో పెళ్ళి జరిగితే గాలివాటాన్ని బట్టి పాతరేవులో సన్నాయి వినబడుతుంది. కాపరానికొచ్చిన కొత్తలో పుట్టింటి మీద బెంగ కలిగినప్పుడల్లా ఆవిడ గట్టెక్కి నిలబడి, అవతల బారుగా కనబడే కొబ్బరితలల్లో తమ దొడ్డివేవో పోల్చుకోవాలని చూసేది. అన్నీ ఒక్కలాగే ఉండేవి. అయినా చూసేది.

అదంతా పాత సంగతి. పెద్ద వరద వచ్చే నాటికి ఆవిడకి యాభై దాటేయి. అమ్మా నాన్నా ఎప్పుడో పోయేరు. మగపిల్లలు లేని ఇల్లు కాబట్టి అక్క అచ్చయమ్మ మొగుడు బాబూరావు ఇల్లరికం వచ్చేడు. ఆ ఇల్లూ, ఆ పొలమూ వాళ్ళే చూసుకుంటున్నారు. అక్కచెల్లెళ్ళిద్దరూ రోజూ పొద్దున్నే ఫోనులో మాట్లాడుకునేవారు. ఏం కూర వండుతున్నావు, మోకాలి నొప్పెలా ఉంది, గేదె ఈనిందా లేదా, ఇవే కబుర్లు. మాటలు అయిపోయినా కాసేపు ఫోను పెట్టేసేవారు కాదు.

పాతరేవులో సూర్యావతి ఇల్లు గట్టుని ఆనుకునే ఉండేది. పెరటి గుమ్మంలో నిలబడితే ఎదురుగా గడ్డి పట్టిన పెద్ద మట్టికట్ట, దాని పైన ఆకాశం. ఏరు కనబడదు. ఆ గట్టు మీద గేదెల్ని కట్టేసేవారు, ధాన్యం ఎండబోసేవారు. పాల సైకిళ్ళూ ఆటోలూ దాని మీదుగానే పోయేవి. తాతలనాడెప్పుడో ఏటిని ఆపడానికి కట్టిన కట్ట అది అన్న సంగతి ఊళ్ళో ఎవరికైనా గుర్తొచ్చేది ఏడాదిలో ఏ శ్రావణమాసంలోనో, అదీ ఎర్రనీరు దిగినప్పుడు. నీరు తీసి ఏరు తగ్గేక మళ్ళీ మర్చిపోయేవారు. గోడని రోజూ చూస్తూ గోడ ఉందని ఎవడనుకుంటాడు?

రెండువేల ఆరు ఆగస్టులో వచ్చింది వరద. కోనసీమలో పడ్డ వాన ఓ మాదిరిదే. అసలు వాన ఎగువన ఎక్కడెక్కడో, పేరు తెలియని కొండల్లో, అడవుల్లో కురిసింది. ఆ నీరంతా ఒక్కటై భద్రాచలం ముంచి, ధవళేశ్వరం ఆనకట్ట మీద పడి, పాయలుగా చీలి సముద్రానికి దిగుతోంది. రేడియోలో మూడో ప్రమాద హెచ్చరిక అన్నారు. లంకలోవాళ్ళు మంచాలూ మేకలూ పిల్లల్నీ నావల మీద తీసుకుని గట్టుకొచ్చేసేరు. సూర్యావతి మొగుడు ప్రభాకరరావు ముందునాటి నుంచీ గట్టు మీదే ఉన్నాడు, ఊళ్ళో మగవాళ్ళందరితో పాటు.

ఆ పొద్దున్న దూడని విప్పుదామని పెరట్లోకొచ్చిన సూర్యావతికి గట్టు మీద వరసగా నిలబడిపోయిన జనం కనబడ్డారు. అందరూ అవతలికే చూస్తున్నారు. ఆవిడ మట్టిమెట్ల మీదుగా పైకెక్కింది.

ఎప్పుడు గట్టెక్కినా ఏరు ఎక్కడో కిందికి, ఇసుకమేటలు దాటి, లంక పక్కన ఒదిగి పారుతుండేది. ఇవాళ పైమెట్టు మీద కాలు పెట్టేసరికి కాలి ముందే ఉంది. లంక లేదు. లంకలో అరటితోటలూ పాకలూ పొగాకు కాల్చే బేరన్లూ ఏవీ లేవు. ఇక్కణ్ణుంచి అద్దరి కొబ్బరిచెట్ల దాకా ఒకటే ఎర్రటి నీరు, నడుమ కాస్త ఉబ్బి, దిగువకి దిగువకి జరిగిపోతోంది. గడ్డివాము గడ్డివామే తేలుతూ వస్తోంది. దాని మీద రెండు కోళ్ళు ముడుచుకుని కూర్చున్నాయి. వేళ్ళతో సహా లేచిన మద్దిచెట్టు ఒకటి దొర్లుతూ, కొమ్మలు ఒకసారి, వేళ్ళు ఒకసారి ఆకాశానికి చూపిస్తూ పోయింది. అంత నీరు పోతున్నా హోరు లేదు. మండపేటలో రైసుమిల్లు పక్కన నిలబడితే అరికాళ్ళలోంచి పైకి పాకే అదురుంటుంది చూడండి, అలాంటిది గట్టంతా ఉంది.

ఆవిడ వెనక్కి తిరిగింది, ఇల్లు తాళం వేసేనా అని చూసుకోడానికి.

తన ఇంటి చూరు నీటిమట్టానికి కిందుగా ఉంది.

అంతవరకూ ఎన్నడూ రెండింటినీ ఒక్క చూపులో చూడలేదావిడ. ఎడమపక్క ఏరు, కుడిపక్క ఊరు, మధ్య తను నిలబడ్డ మట్టి. ఏరు ఎత్తున ఉంది, ఊరు పల్లంలో ఉంది. పొయ్యిలోంచి పొగ లేస్తున్న ఇళ్ళూ, అప్పుడే నాట్లు ఊడ్చిన వరిచేలూ, బడి మీద జెండాకర్రా, కొబ్బరితోటల కింద నీడలూ, అన్నీ ఆ నీటికి కింద ఉన్నాయి. ముప్పయ్యేళ్ళుగా తను వండుకున్నదీ, పిల్లల్ని కన్నదీ, ఆదమరిచి నిద్రపోయిందీ ఈ ఏటికి కిందనా? ఒళ్ళు ఝల్లుమంది. అది భయం అనుకుందామంటే భయం కాదు. అంత పెద్దదాన్ని ఇంత మన్ను పట్టుకుని నిలబడడమే ఆవిడకి నమ్మశక్యం కాలేదు. ఎవరి తట్టల్లోంచి పడ్డ మన్నో ఇది. పేర్లు కూడా ఎవరికీ తెలియవు.

అప్రయత్నంగా చెప్పులు విడిచింది.

"ఇంకా ఎక్కుతోందా అండీ?" అని మొగుణ్ణడిగింది.

"ఎక్కుతోంది. అదిగో, పుల్ల పాతేరు. పొద్దుటికీ ఇప్పటికీ బెత్తెడు పైకొచ్చింది," అన్నాడు ప్రభాకరరావు. కళ్ళు నిద్రలేక చింతనిప్పుల్లా ఉన్నాయి.

పక్కన పోలిరాజు నిలబడ్డాడు. ఊళ్ళో పెద్ద రైతు, మాట తొందర మనిషి. తనలో తను అనుకుంటున్నట్టుగా, "అద్దరి గట్టు ఎక్కడో ఓ చోట పోతే గాని ఇది తగ్గదండీ," అన్నాడు.

సూర్యావతి వింది. "అద్దరిని మా అక్క ఉంది పోలిరాజుగారూ," అంది.

ఆయన మొహం పాలిపోయింది. "తప్పయిపోయిందమ్మా. నోరు జారేను," అని అవతలికి వెళ్ళిపోయేడు. కాని ఆ మాట అక్కడే ఉండిపోయింది. అనకపోయినా గట్టు మీద చాలామంది మనసుల్లో ఉన్న మాటే అది. అద్దరి గట్టు మీద నిలబడి ఇటు చూస్తున్నవాళ్ళ మనసుల్లోనూ ఉండే ఉంటుంది.

ఆవిడ ఇంటికి దిగి అక్కకి ఫోను చేసింది.

"గట్టు కాస్త పల్లంగా ఉన్నచోట బస్తాలు వేస్తున్నారే. మీ బావగారు నిన్నట్నుంచీ అక్కడే," అంది అచ్చయమ్మ. గొంతు మామూలుగానే ఉంది.

"నువ్వు వెళ్ళి గట్టు మీద కూచో అక్కా. ఇంట్లో ఉండకు."

"ఇల్లు ఎవరి మీద వదిలి పోతానే? అక్కడ పనిచేస్తున్నవాళ్ళకి అన్నం వండుతున్నాను. పెద్ద గుండిగ ఎక్కించేను."

"వండిన గుండిగ కూడా గట్టెక్కించు. నా మాట విను. ఏరు ఎంతెత్తున ఉందో ఓసారి ఎక్కి చూడు, నీకే తెలుస్తుంది."

"చూసేను," అంది అచ్చయమ్మ. "చూసేనే. దణ్ణం పెట్టుకుని దిగొచ్చేను," అంది. ఆ తర్వాత గరగరమని ఫోను ఆగిపోయింది. మళ్ళీ చేస్తే మోగలేదు.

మధ్యాహ్నం కావస్తోంది. కొబ్బరిదొడ్లో పలుగూ పారా ఉంటే తెమ్మని ప్రభాకరరావు కబురు పెట్టేడు. సూర్యావతి గట్టు వెంబడే దొడ్లోకి నడిచింది. గట్టు అడుగున నేల చెమ్మగా ఉంది. అది మామూలే, ఏరు నిండుగా ఉన్నప్పుడు గట్టు చెమరుస్తుంది. తేటనీరు ఊరితే కంగారు పడక్కర్లేదని చిన్నప్పుడు నాన్న చెప్పేవాడు. నాలుగు చెట్లు దాటేక కాలికింద చల్లగా, మెత్తగా తగిలింది. చూస్తే ఒక చెట్టు మొదట్లో నీరు బుగ్గలా లేస్తోంది. ఉడుకుతున్న గంజిలో మెతుకులు ఆడినట్టు ఇసుక ఆడుతోంది అందులో. ఆ నీరు తేటగా లేదు. ఏరు రంగులో ఉంది.

ఒక్క క్షణం ఆ ఆడే ఇసుకనే చూస్తూ ఉండిపోయింది. గట్టుకి అవతల ఉన్న ఏరు గట్టు కిందనుంచి వేలు పెట్టి తన దొడ్లోకి దారి వెతుక్కుంటోంది. ఆ వేలితో పాటు గట్టులో మన్ను చిటికెడు చిటికెడు బయటికొచ్చేస్తోంది.

"బుంగ! బుంగ పడింది!" అని అరుస్తూ పరిగెత్తింది. యాభై ఏళ్ళ మనిషి, చీర కుచ్చిళ్ళు పైకి దోపి.

జనం దూకినట్టుగా దిగేరు. లంకలో ఉండే యాకోబు అందరికంటే ముందొచ్చేడు. నావ నడిపే మనిషి, తన పాకా తోటా అప్పటికే నీటి కింద ఉన్నాయి. ఒకరిద్దరు చేతిలో ఉన్న బస్తాలు తిన్నగా బుగ్గ మీద పడెయ్యబోయేరు.

"వద్దండీ, దాని నోట్లో కుక్కకండి!" అని ఏఈ దత్తసాయి గట్టు మీంచి అరిచేడు. ఆ పాయకి గట్ల పని చూసే ఇంజినీరతను. ముప్పయ్యేళ్ళుంటాయి. రెండు రోజులుగా ఒంటి మీద అవే బట్టలు. దిగొచ్చి, వంగి, ఆ నీటిని దోసిట్లోకి తీసుకుని చూసేడు. దోసిట్లో మన్ను మిగిలింది. "ఇక్కడ నొక్కితే ఇంకోచోట లేస్తుంది. చుట్టూ ఎడంగా ఒర కట్టాలి, బావికి కట్టినట్టు. లోపల నీరు నిలబడనివ్వాలి. ఆ నీటి బరువే దీన్ని అణచాలి."

"అవునండీ, అలాగే కట్టాలి. ఎనభయ్యారు వరదలో మావాళ్ళు అలాగే కట్టేరు," అన్నాడు యాకోబు.

"మన్ను కావాలి. బస్తాలు కావాలి. గట్టు దగ్గర మాత్రం తవ్వకండి, దూరం నుంచి తేవాలి," అన్నాడు దత్తసాయి.

గట్టు పైకి వేసిన బస్తాలు అప్పటికే అయిపోయేయి. కొత్తవి పంపుతామన్న ట్రాక్టరు దారిలో ఎక్కడో ఉంది. అందరూ ఒకరి మొహాలొకరు చూసుకుంటుంటే, "మా సావిట్లో ఉన్నాయి," అంది సూర్యావతి.

సావిట్లో ధాన్యం బస్తాలున్నాయి, ఆ ఏడు వేసవిలో కోసిన దాళ్వా పంట. ప్రభాకరరావు ఆవిడకేసి ఒకసారి చూసేడు. ఇద్దరూ కలిసి మొదటి బస్తా మూతి కుట్టు కోసేరు. ధాన్యం సరసరా నేల మీద పారింది. ఆ తర్వాత ఊళ్ళో ఆడవాళ్ళంతా వచ్చి పడ్డారు. సావిడి నిండా మోకాలెత్తు ధాన్యం, ఖాళీ గోనెలు చేతులు మారుతూ పెరట్లోకి. పెరట్లో ఇల్లు మెరక చెయ్యడానికి వాళ్ళ మావగారు పోయించిన మన్ను ఉంది. పారలు దాని మీద పడ్డాయి. కనకాంబరాల మడీ, తులసికోట పక్క అరుగూ కూడా బస్తాల్లోకెళ్ళిపోయేయి. నెత్తి మీద మోసినవాళ్ళు కొందరు, ఇద్దరేసి పట్టుకుని పరిగెత్తినవాళ్ళు కొందరు. పోలిరాజు నడుం పట్టేసినా మొయ్యడం మానలేదు.

ఒర లేచింది. ఒక వరస మీద ఇంకో వరస, సందుల్లో వరిగడ్డీ బంకమన్నూ దట్టించి. లోపల నీరు మోకాలి దాకా పెరిగింది, తొడ దాకా పెరిగింది. ఇసుక ఇంకా ఆడుతూనే ఉంది. మరో వరస వేసేరు. అందరూ చుట్టూ నిలబడి చూసేరు.

అప్పుడు నీరు నెమ్మదించింది. అడుగున ఆడుతున్న ఇసుక ఒక్కొక్క గింజే కిందికి దిగింది. ఎర్రటి నీరు చూస్తుండగానే తేటపడింది. ఒర పైఅంచు మీంచి సన్నగా, శుభ్రంగా పొర్లింది.

"నిలబడిందండీ," అన్నాడు దత్తసాయి. చదువుకున్నవాడే, పుస్తకంలో ఉన్నదే. అయినా కళ్ళారా చూడ్డం అతనికీ అదే మొదలు. "అవతల ఏరంత ఏరూ తోస్తోంది. ఇవతల ఈ కాస్త నీరు ఆపుతోంది."

సూర్యావతి ఒర మీదుగా వంగి చూసింది. తేటనీటిలో చెట్టు వేళ్ళు కనబడుతున్నాయి. వాటి మధ్య తన మొహం కూడా.

బుంగ ఆగింది గాని ఏరు ఆగలేదు. పొద్దు వాలేసరికి నీరు గట్టు పైఅంచుకి జానెడు దూరం దాకా ఎక్కింది. అప్పటికి ట్రాక్టర్లూ వచ్చేయి. గట్టు పొడుగునా బస్తాల వరస, దానికి దన్నుగా కొబ్బరిదుంగలు. అల వచ్చినప్పుడల్లా నీరు బస్తాల సందుల్లోంచి చిమ్మి కాళ్ళ మీద పడుతోంది. ఇంక చెయ్యగలిగింది ఏదీ లేదు. ఊరంతా గట్టు మీద ఏటికి ఎదురుగా కూర్చుంది. పసిపిల్లలు సైతం ఏడవలేదు.

పాతిన పుల్ల దగ్గర కూచున్న ప్రభాకరరావు ఉన్నట్టుండి లేచేడు. మళ్ళీ కూచున్నాడు. వేలు పెట్టి చూసేడు.

"తీస్తోంది," అన్నాడు మెల్లిగా. తర్వాత గట్టిగా, "ఏరు తీస్తోందర్రా!"

నిజమే. పుల్ల మీద తడి చార వేలెడు బయటపడింది. చూస్తుండగా బెత్తెడయింది, జానెడయింది. గట్టు మీద కేక లేచింది. చప్పట్లు కొట్టేరు. ఎవరో కొబ్బరికాయ కొట్టేరు. యాకోబు మోకాళ్ళ మీద కూలబడి ప్రార్థన చేసుకున్నాడు. ముసలివాళ్ళు ఏటికి చేతులెత్తి మొక్కేరు. సూర్యావతి కూడా చప్పట్లు కొట్టింది. ఏడుస్తూ, నవ్వుతూ, పక్కనున్నావిణ్ణి కావలించుకుని కొట్టింది.

అలా కావలించుకున్నప్పుడే ఆవిడ భుజం మీంచి ఏరు కనబడింది. పొద్దుటి నుంచీ చెట్లూ కప్పులూ గడ్డివాములూ తిన్నగా దిగువకి, సముద్రం వైపుకి పోతున్నాయి. ఇప్పుడు ఎగువనుంచి వచ్చిన ఒక వాము నడిమధ్యకి వచ్చేసరికి ఆగినట్టయి, ఒక్కసారి గిరుక్కున తిరిగి, అడ్డంగా, అద్దరికి పోవడం మొదలెట్టింది. దాని వెనకే ఒక తలుపు, దాని వెనకే ఏవో దుంగలు. అన్నీ అద్దరికే, అన్నీ ఒక్కచోటికే, ఎవరో పిలిచినట్టు పోతున్నాయి.

వరద తియ్యడం లేదు. ఎటో పోతోంది.

కేకలు ఒక్కొక్కటే ఆగిపోయేయి. పోలిరాజు రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని చతికిలబడ్డాడు. ఎవరూ ఆవిడ మొహం చూడలేదు.

"మొగలిగుంట దగ్గరేనా?" అంది సూర్యావతి.

దత్తసాయి సెల్ ఫోను చెవి దగ్గరినుంచి దించేడు. "అక్కడేనమ్మగారూ. గండి పడింది. ఇప్పుడే చెప్పేరు."

"యాకోబూ, నావ తియ్యి."

"అమ్మగారండీ," అన్నాడు యాకోబు, "మీరు చెప్తే నిప్పులో దూకుతాను గాని, ఆ లాగుడులో నావ పెడితే గండిలోకి లాగేస్తుందండీ. మీరూ మిగలరు, నేనూ మిగలను. తెల్లారనివ్వండి. లాగుడు తగ్గగానే నేనే వచ్చి పిలుస్తాను, ఆయ్."

ఆ రాత్రి పాతరేవులో పడుకున్నవాళ్ళు లేరు. ఎవరూ చెప్పకుండానే పొయ్యిలు వెలిగేయి. సావిట్లో కుప్ప పోసిన ధాన్యంతో ఏం చెయ్యలేరు గాని, ఏ ఇంట్లో ఉన్న బియ్యం ఆ ఇంట్లోంచి వచ్చేయి. పోలిరాజు ఇంటి ముందు గాడిపొయ్యి తవ్వి పులిహోర కలిపేరు. అరిటాకుల్లో పొట్లాలు కట్టేరు. సూర్యావతి కట్టిన పొట్లమల్లా అక్కకే కడుతున్నాననుకుంటూ కట్టింది.

పొద్దెక్కేక యాకోబు వచ్చేడు. ఇంజను నావ మీద పొట్లాలూ మంచినీళ్ళ డబ్బాలూ వేసుకుని బయల్దేరేరు. సూర్యావతి, ప్రభాకరరావు, దత్తసాయి, ఇంకా నలుగురు మగవాళ్ళు. పోలిరాజు నావ ముందుభాగంలో ఒక గెడ పట్టుకుని కూర్చున్నాడు, ఎవరు దిగమన్నా దిగలేదు. మునిగిన లంక మీదుగా వెళ్తుంటే కింద యాకోబు అరటిచెట్ల తలలు నావ అడుగుని రాసుకున్నాయి. అతను చూడలేదు.

అద్దరి దగ్గర పడుతుంటే ముందు గండి కనబడింది. గట్టు అక్కడ కోసేసినట్టు ఆగిపోయింది. రెండు పక్కలా తెగిన మట్టి నిలువుగా, పచ్చి గాయంలా ఎర్రగా ఉంది. మధ్యలోంచి ఏరు ఊళ్ళోకి జారుతోంది. అవతల చేలు లేవు, రోడ్డు లేదు. కొబ్బరిచెట్లు నీళ్ళలో నడుం లోతున నిలబడ్డాయి.

తర్వాత గట్టు మీద మనుషులు కనబడ్డారు. గండికి రెండు వైపులా, చూపు ఆనినంత మేర. మంచాలు, గేదెలు, టార్పాలిన్లు, పొయ్యిలు, ముసలాళ్ళు, పసిపిల్లలు. ఊరు ఊరంతా బారుగా గట్టెక్కి కూర్చుంది. ఒకచోట తెగిపోయిన ఆ గట్టే, తెగని మేరంతా వాళ్ళని మోస్తోంది. రెండు నీళ్ళ మధ్య సన్నటి మన్నుగీత, దాని మీద వేలమంది ప్రాణాలు. ఆవిడకి ముందురోజు పొద్దున్న తన ఇంటి చూరు చూసినప్పటి ఝల్లు మళ్ళీ కలిగింది. అంతకంటే ఎక్కువగా కలిగింది.

"అక్కా!" అని నావ ఆగకుండానే అరిచింది.

అచ్చయమ్మ ఒక నులకమంచం మీద కూర్చుని ఉంది. పక్కన పెద్ద గుండిగ, ఖాళీది, మసి పట్టి. బాబూరావు తల కింద చెయ్యి పెట్టుకుని నేల మీదే నిద్రపోతున్నాడు. కాళ్ళూ చేతులూ గీరుకుపోయి ఉన్నాయి. చెల్లెల్ని చూసి అచ్చయమ్మ లేచింది గాని అడుగు ముందుకెయ్యలేకపోయింది. సూర్యావతే వెళ్ళి పట్టుకుంది. ఇద్దరూ చాలాసేపు అలాగే ఉన్నారు.

"నీ మాట విని గుండిగ పైకెక్కించేనే," అంది అచ్చయమ్మ చివరికి. "ఎక్కించి, వడ్డిస్తున్నాను. ఇదిగో ఇలా గరిటె పట్టుకుని. ఇక్కడా బుంగ పడింది, బావగారు వాళ్ళు దాని చుట్టూ బస్తాలు వేస్తున్నారు. బస్తాలు చాల్లేదు. 'అందరూ పైకొచ్చెయ్యండి' అని ఎవరో అరిచేరు. ఆఖరివాడు పైకి రావడం, గట్టు కూచున్న మనిషిలా కిందికి కుంగడం. చప్పుడు కూడా పెద్దగా లేదే. పోయింది."

"మనుషులు?"

"మనుషులందరూ ఉన్నారు. గొడ్లు కొన్ని పోయేయి."

"ఇల్లు?"

అచ్చయమ్మ చెయ్యి చాపింది. గండిలోంచి దూకిన నీరు నేలని తవ్వేసి సుడి తిరుగుతున్న చోటది. కప్పు లేదు, గోడల్లేవు, నుయ్యి లేదు. ఇద్దరూ పుట్టిన గది ఉన్నచోట నల్లటి మడుగు ఉంది. ఎంత లోతుందో ఎవరికీ తెలియదు. సూర్యావతి చూసింది. ఏడుపు రాలేదు. దాని పెద్దతనం ముందు ఏడుపు చిన్నదైపోయింది.

"మీ గట్టు నిలబడిందిటగా," అంది అచ్చయమ్మ.

"నిలబడిందక్కా."

"ఇక్కడ పోయినప్పుడు మీకు తెలిసిందా?"

సూర్యావతి అబద్ధం చెప్పడానికి నోరు తెరిచి, చెప్పలేకపోయింది. "జానెడు తీసింది. మేం చప్పట్లు కొట్టేం. నేనూ కొట్టేను. ఎందుకు తీసిందో అప్పటికింకా తెలియలేదు."

అచ్చయమ్మ ఏటికేసి చూస్తూ ఉండిపోయింది. అద్దరి నుంచి చూస్తే పాతరేవు కొబ్బరితలలు సన్నగా, బారుగా, ఒక్కలాగే కనబడుతున్నాయి.

"కొట్టరా మరి?" అంది. "మీది పోయుంటే మేమూ కొట్టేవాళ్ళమే. తెలిసేక ఏడిచేవాళ్ళం. రెండిట్లో ఒకటి మిగిలింది. రెండూ పోతే మనకి పులిహోర ఎవరు తెచ్చేవారు?" పొట్లం విప్పి, ముందు మొగుణ్ణి లేపి పెట్టింది. తర్వాత తను తింది. పక్కన పోలిరాజు తలొంచుకుని ముసలాళ్ళ చేతులు కడిగించి పొట్లాలు పంచుతున్నాడు.

నీరు పూర్తిగా తీసేసరికి చేల నిండా ఇసుక మేట వేసి ఉంది. అచ్చయమ్మా బాబూరావూ పాతరేవు వచ్చి చెల్లెలింట్లో ఉన్నారు. గండి పూడ్చే పని మొదలయ్యేక బాబూరావు పొద్దున్నే నావెక్కి వెళ్ళిపోయేవాడు. లారీల్లో రాళ్ళొచ్చేయి, సర్వి దుంగల బాదులొచ్చేయి, కొండమట్టి వచ్చింది. లోతు మడుగుని అలాగే వదిలేసి, దాని చుట్టూ వంపు తిప్పి కట్టేరు కొత్త గట్టు. రెండు కొసలూ మన్ను పోసుకుంటూ ఒకదానికేసి ఒకటి నడిచేయి. పాతరేవు రైతులు ట్రాక్టర్లు పెద్ద బల్లకట్టులాంటి పంటు మీద ఏరు దాటించి తీసుకెళ్ళేరు. ఎవరూ పిలవలేదు, ఎవరూ కాదనలేదు.

రెండు కొసలూ కలిసే రోజున అక్కచెల్లెళ్ళిద్దరూ వెళ్ళేరు. మధ్యలో మిగిలిన సందులోంచి ఏటి నీరు ఇంకా సన్నగా లోపలికి పారుతోంది. దత్తసాయి చెయ్యెత్తేడు. రెండు వైపుల నుంచీ ఒక్కసారే మన్ను పడింది. నీరు పక్కకి తోసుకుంది, ఎగిరింది, ఎర్రబడింది. ఇంకో ట్రాక్టరు, ఇంకో ట్రాక్టరు. చూస్తుండగానే పారే నీరు ఊరే నీరయింది, ఊరే నీరు చెమ్మయింది. ఇవతలి నీరు ఇవతల, ఏరు అవతల. పాయ మీద గాలికి చిన్న అల లేచి, కొత్త మన్నుని తడిమి, వెనక్కి వెళ్ళిపోయింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. రోలరు ఇంకా ఎక్కలేదు, మన్ను మెత్తగా ఉంది. ఎవరూ వద్దనేలోపలే అచ్చయమ్మ చీర కాస్త పైకి పట్టుకుని దాని మీద కాలు పెట్టింది. పాదం చీలమండ దాకా దిగింది. మోకాలి నొప్పి మనిషి, ఊతం లేకుండా, ఒక్కో అడుగూ తీసి వేసుకుంటూ ఈ కొసనుంచి ఆ కొసకి నడిచింది. అక్కడ ఆగి, వెనక్కి తిరిగి, చెల్లెలి కోసం చెయ్యి చాపింది.

సూర్యావతి ఆవిడ అడుగుల్లో అడుగులేసుకుంటూ వెళ్ళింది.